గ్రామమునకొక నెట్‌వర్క్ సహాయకుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



గ్రామమునకు ఏ నూతన సౌకర్యము వచ్చుచున్నను ముందుగా పుట్టు ప్రశ్న ఒకటి కలదు: “అది ఎప్పుడు వచ్చును?” వచ్చిన పిదప పుట్టు ప్రశ్న మరియొకటి: “అది చెడినచో చూచువారెవరు?” మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుటకు సభలును, శిలాఫలకములును ఉన్నవి. రెండవదానికి సమాధానము గ్రామములోనే వెదకుకొనవలసియుండును. నేడు మేము మీ యెదుట మాటలాడదలచినది ఆ రెండవ ప్రశ్నను గూర్చియే. అదియు ఇంటర్నెట్ విషయమున.

పంచాయతీలన్నింటికి ఆప్టికల్ ఫైబర్ తీగను చేర్చవలెనను పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. భారత్‌నెట్ అని నేడు మనము పిలుచుచున్నది దానినే. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ తీగను విద్యుత్ స్తంభములపై లాగిరి. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టముల కొరకు త్రవ్విన కందకములలోనే తీగకు దారి ఏర్పరచిరి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము సవరించిన భారత్‌నెట్ కార్యక్రమమును 1,39,579 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. అందలి ముఖ్యమైన మార్పు తీగను వలయాకారముగా నడుపుట. వెనుకటి పద్ధతిలో మండల కేంద్రము నుండి గ్రామమునకు ఒక్కటే దారి. నడుమ ఎచ్చట తెగినను ఆవలి గ్రామములన్నియు మూగవోయెడివి. వలయమైనచో ఒక ప్రక్క తెగినను రెండవ ప్రక్క నుండి సంధానము నిలుచును. ఇది యంతయు తీగ సంగతి. మనిషి సంగతి యేమి?

ఇంటర్నెట్ ఆగినచో కుర్రవాండ్ర వినోదము మాత్రమే ఆగునని తలచు పెద్దలు ఇంకను కొందరు కలరు. వారికొక మాట చెప్పుదుము. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ మూలముననే ఆర్థిక సంఘపు నిధుల లెక్కలును, చెల్లింపులును సాగుచున్నవి. సంధానము లేని నాడు మీరు పూర్తిచేసిన మురుగు కాలువకు బిల్లు కదలదు. ఆరోగ్య ఉపకేంద్రము నుండి ఈ-సంజీవని ద్వారా దూరముననున్న వైద్యునితో మాటలాడవలసిన గర్భిణి వెనుదిరిగి పోవును. ఉపకార వేతనపు దరఖాస్తుకు గడువు ముగియు సాయంకాలమున పిల్లవాడు సైకిలెక్కి పట్టణమునకు పరుగిడును. వాని కెదురుగా పట్టణము నుండి రావలసిన మెకానిక్కు “రేపు” అని చెప్పి మూడు దినములైనను రాకపోవచ్చును. వచ్చిన పిమ్మట ఊడిన ప్లగ్గును బిగించి పోయిన సందర్భములును మీలో పలువురికి తెలియును.

చేతిపంపుల కథ పెద్దలకు జ్ఞాపకముండును. 1970 దశకమున రూపొంది దేశమంతట వ్యాపించిన ఇండియా మార్క్-2 చేతిపంపు మిక్కిలి గట్టిది. అయితే లోపలి సిలిండరులో చిన్న వాషరు అరిగినను గొట్టములన్నింటిని పైకి లాగవలసియుండెను. అందుకు వాహనము, సామగ్రి, నలుగురైదుగురు మనుషులు రావలెను. వారు వచ్చువరకు స్త్రీలు బిందెలతో పొరుగు చేలలోని బావులకు నడచెడివారు. తరువాత రూపొందించిన మార్క్-3 పంపులో గొట్టములను కదల్పకయే పిస్టనును పైకి తీయవచ్చును. గ్రామములోని మెకానిక్కే దానిని బాగుచేసికొనవలెనని కోరి చేసిన మార్పు అది. మన గ్రామములలో ఇంటర్నెట్ నేటికిని మార్క్-2 దశలోనే యున్నదని మా అభిప్రాయము. పంపు గట్టిదే, పానా పట్టువాడు మాత్రము ఊరిలో లేడు.

అట్టి పనివానిని తయారుచేయు శిక్షణ యొకటి కలదు. కంప్యూటర్ నెట్‌వర్క్ పరికరములు తయారుచేయు సిస్కో అను అమెరికా సంస్థ 1984లో స్థాపితమైనది. ఆ సంస్థ 1997 నుండి నెట్‌వర్కింగ్ అకాడమీ పేరుతో విద్యాకార్యక్రమమును నడుపుచున్నది. ఈ రంగమున మొదటి మెట్టుగా ఆ సంస్థ ఇచ్చు యోగ్యతాపత్రమును “సర్టిఫైడ్ సపోర్ట్ టెక్నీషియన్ – నెట్‌వర్కింగ్” అందురు, సంక్షిప్తముగా సి.సి.ఎస్.టి. దీనికి పూర్వము ప్రవేశ పరీక్షగా నుండిన సి.సి.ఇ.ఎన్.టి.ని 2020 ఫిబ్రవరిలో నిలిపివేసిరి. ఆ పరీక్ష పుస్తకములను ఎవరైన మీ పిల్లలకు అంటగట్ట జూచినచో కొననీయకుడు.

సి.సి.ఎస్.టి. పరీక్ష కాలము 50 నిమిషములు. విషయములు ఆరు: నెట్‌వర్క్ మూల సూత్రములు, చిరునామాల పద్ధతి, తీగలును వాటి చివర నుండు పరికరములును, నడుమ నుండు యంత్రములు, దోష నిర్ధారణ, భద్రత. పేర్లు విని బెదరవలసిన పని లేదు. ఇందలి విద్య యెట్టిదో మీ పంచాయతీ కార్యాలయమునే ఉదాహరణగా తీసికొని చెప్పుదుము.

కార్యాలయపు గోడకు చిన్న పెట్టె యొకటి బిగించియుండును. వెలుపలి నుండి వెంట్రుక వంటి గాజుపోగు వచ్చి అందులో చేరును. ఆ పోగులో ప్రవహించునది విద్యుత్తు కాదు, కాంతి. పెట్టెపై గల దీపములలో ‘లాస్’ అని వ్రాసియుండు దీపము ఎఱ్ఱగా వెలిగినచో వెలుపలి నుండి కాంతి రాలేదని అర్థము. అప్పుడు లోపలి కంప్యూటరును ఎన్నిమార్లు ఆపి వెలిగించినను ప్రయోజనము లేదు. తీగ యజమానులకు కబురు పంపుట యొక్కటే మార్గము. ఆ దీపము వెలుగకున్నచో కాంతి వచ్చుచున్నదన్నమాట. దోషమును ముందుగా గోడకు ఇవతల వెదకవలెను. చూచితిరా, ఒక్క దీపము చూచుట తెలిసినచో పట్టణమునకు ఫోను చేయవలెనో అక్కరలేదో సగము తేలిపోయినది. ఆ గాజుపోగును ముడివేసినను, బిగించి వంచినను కాంతి జారిపోవును. దానిపై తువ్వాళ్ళు ఆరవేయు ఇండ్లను మేము చూచియున్నాము. మరియొక హెచ్చరిక: తెగిన పోగు కొనను కంటి యెదుట పెట్టుకొని చూడరాదు. అందు ప్రవహించు కాంతి కంటికి కనబడనిది. కనబడకయే కంటికి హాని చేయగలదు.

పెట్టె నుండి కంప్యూటరుకు పోవు తీగ రాగిది. అందు ఎనిమిది సన్నని తీగలు జంటజంటలుగా మెలివేయబడియుండును. ఒక జంటలోని సంకేతము ప్రక్క జంటలోనికి చొరబడకుండుటకే ఆ మెలి. ప్లగ్గులో ఆ ఎనిమిది రంగులను ఏ వరుసలో కూర్చవలెనో నియమము కలదు; తీగ రెండు చివరలను ఆ నియమము ప్రకారమే కూర్చవలెను. ఈ తీగకొక హద్దున్నది: నూరు మీటర్లు. పంచాయతీ కార్యాలయము నుండి ఎదుటి పాఠశాలకు నూట నలుబది మీటర్ల తీగను లాగి, సంధానము వచ్చుచు పోవుచుండగా కంప్యూటరునే దూషించుట అన్యాయము. నడుమ స్విచ్చి అను యంత్రము నుంచినను, ఆ దూరమునకు ఫైబరే లాగినను పని నెరవేరును. ఈ నూరు మీటర్ల సంగతి ముందే తెలిసిన మనిషి ఊరిలో నున్నచో ఆ తీగకు ఖర్చుపెట్టిన సొమ్ము పంచాయతీకి మిగిలియుండెడిది.

ఇక చిరునామాలు. ఇంటికి తలుపు సంఖ్య ఉన్నట్లే నెట్‌వర్కులోని ప్రతి యంత్రమునకు సంఖ్య యుండును. ఎక్కువగా కనబడు పద్ధతిలో నాలుగు సంఖ్యలు చుక్కలతో విడదీసి వ్రాయుదురు. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు. సాధారణముగా ఈ చిరునామాను కంప్యూటరు తానై కల్పించుకొనదు. రౌటరును అడిగి తీసికొనును. కంప్యూటరులో చిరునామా 169.254 తో మొదలైనదనుకొనుడు. అడిగితిని, ఎవరును బదులు పలుకలేదని అది చెప్పుచున్నదన్నమాట. తీగ ఊడియుండవచ్చును, రౌటరు ఆగియుండవచ్చును. శిక్షణ పొందినవాడు ఆ సంఖ్యను చూడగానే ఏ మూలకు పోవలెనో తెలిసికొనును.

పింగ్ అను ఆజ్ఞ మరియొకటి. మనము “ఉన్నావా?” అని కేకవేయుదుము; ఆవలి యంత్రము “ఉన్నాను” అనును. అంతే. ముందుగా గదిలోని రౌటరును పిలువవలెను. అది పలికినచో వెలుపలనున్న ఒక యంత్రమును సంఖ్యతో పిలువవలెను. అదియు పలికినచో అప్పుడు పేరుతో పిలువవలెను. సంఖ్యకు పలికి పేరునకు పలుకనిచో పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పు డి.ఎన్.ఎస్. అను ఏర్పాటున దోషమున్నది. తపాలా బంట్రోతుకు తలుపు సంఖ్య తెలిసియుండి పేరు మాత్రము తెలియకపోవుట వంటిది ఇది. క్రింది నుండి పైకి, దగ్గర నుండి దూరమునకు, ఒక్కొక్క మెట్టు పరీక్షించుచు పోవుటయే ఈ విద్యకు ప్రాణము. మంచి వైద్యుడు నాడి చూడకయే మందియ్యడు. అన్ని స్విచ్చులను ఆపి వెలిగించు అలవాటు మాత్రము మన దేశమున సర్వరోగ నివారిణిగా చెలామణి యగుచున్నది. దానివలన ఒక్కొక్కమారు పని జరుగుటయే దాని దోషము.

ఈ పాఠములు నెట్‌వర్కింగ్ అకాడమీ వారి వద్ద ఉచితముగా లభించును. పేరు నమోదు చేసికొని ఎవరి తీరిక ననుసరించి వారు చదువుకొనవచ్చును. నాలుగు భాగములు: మొదటిది ప్రాథమిక విషయములు, రెండవది పరికరములును వాటి తొలి అమరికయు, మూడవది చిరునామాలును దోష నిర్ధారణయు, నాలుగవది సహాయము మరియు భద్రత. ప్యాకెట్ ట్రేసర్ అను సాధనమును గూడ వారు ఉచితముగా నిచ్చుచున్నారు. దానితో కంప్యూటరు తెరపైననే రౌటర్లను, తీగలను కలిపి నెట్‌వర్కును కట్టి, కావలెనని చెడగొట్టి, మరల బాగుచేయుట నేర్చుకొనవచ్చును. పేదవాని ప్రయోగశాల యనదగినది.

పాఠములు ఉచితము, పరీక్ష ఉచితము కాదు. సంస్థ ప్రకటించిన రుసుము 125 డాలర్లు; మన రూపాయలలో పదివేలు పైమాట. ఒక వ్యవసాయ కూలి కుటుంబమునకు ఇది స్వల్పమైన సొమ్ము కాదు. అందుచేత ఈ చోట మీరు మెలకువగా నుండవలెను. పట్టణములలో “శిక్షణ, పరీక్ష, ఉద్యోగము, అన్నియు మావే” అని బల్లలు కట్టువారు కలరు. ఉచితముగా దొరకు పాఠములకు వేలకు వేలు వసూలు చేయువారు కలరు. పరీక్షలో వచ్చు ప్రశ్నలను ముందే యిచ్చెదమని చెప్పువారును కలరు. ఈ కడపటివారి మాట నమ్మిన పిల్లవాడు జవాబులను కంఠస్థము చేయును, కాగితమును తెచ్చుకొనును. ఎఱ్ఱ దీపము వెలిగిన నాడు దాని యెదుట కొయ్యబారి నిలుచును. పట్టుబడినచో ఆ కాగితమును గూడ పోగొట్టుకొనును. తల్లి మెడలోని పుస్తెల తాడు కుదువబెట్టి ఇట్టి చదువునకు పంపుట మీ గ్రామమున జరుగరాదు. దానిని వారించు అధికారము మీకు లేకున్నను, చెప్పినచో వినునంతటి గౌరవము మీకున్నది.

ఉద్యోగమును గూర్చి ఉన్నదున్నట్లు చెప్పుదుము. సి.సి.ఎస్.టి. పత్రము చేతబట్టుకొనిన మాత్రమున కొలువు రాదు. ఇది తలుపు తట్టుటకు పనికివచ్చు పత్రము. దీని తరువాత సి.సి.ఎన్.ఎ. అను పెద్ద పరీక్ష యున్నది. కాంప్‌టియా వారి నెట్‌వర్క్ ప్లస్ అను పరీక్షయు కలదుగాని, తొమ్మిది నుండి పండ్రెండు నెలల అనుభవము గడించి రమ్మని ఆ సంస్థయే సలహా చెప్పుచున్నది గనుక క్రొత్తవారు దానితో మొదలుపెట్టుట తగదు. ఇంగ్లీషు చదువు కష్టమైన పిల్లలకు పారిశ్రామిక శిక్షణ సంస్థలలోని కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ నిర్వహణ తరగతి మేలు. గాజుపోగులను అతుకుటపై మనసున్నవారికి టెలికాం నైపుణ్య మండలి వారి ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్ శిక్షణ యున్నది. భారత్‌నెట్‌లో గ్రామ స్థాయిన ఇంటింటికి సంధానము నిచ్చి, దానిని కాపాడు బాధ్యతను ‘ఉద్యమి’ అను పేర స్థానికులకే అప్పగించు పద్ధతియు ఏర్పడినది. పని తెలిసిన మనిషికి ఊరు విడువకయే నాలుగు రూకలు సంపాదించు అవకాశము ఇందున్నది.

సి.సి.ఎస్.టి. పరీక్ష తెలుగులో లేదు. ఇది పెద్ద అడ్డంకియే. ఐనను పదవ తరగతి దాటినవారు నూరు నూటయేబది ఇంగ్లీషు మాటలను గట్టిగా పట్టుకొన్నచో పాఠములు సాగును. దీపము, తీగ, ప్లగ్గు చేతబట్టి తెలుగులో వివరించువారొకరు ప్రక్కన నుండవలెను. మీ ఉన్నత పాఠశాలలో కంప్యూటరు తెలిసిన ఉపాధ్యాయులున్నచో వారిని వారమునకు రెండు సాయంకాలములు అడుగుడు.

ఎవరిని ఎంచవలెను? ఈ ప్రశ్న వచ్చినప్పుడు పంచాయతీలలో సాధారణముగా ఎవరో ఒక పెద్ద యింటి కుర్రవాని పేరు ముందుగా వినబడును. ఆతడు మూడవ నెలలో హైదరాబాదు బస్సెక్కును. ఇంటర్మీడియట్ చదివి, పట్టణమునకు పోవుటకు ఇంట ఒప్పుకొననందున ఊరిలోనే నిలిచిపోయిన ఆడపిల్లలు ప్రతి గ్రామమున కలరు. స్వయం సహాయక సంఘములవారిని అడిగినచో పేర్లు చెప్పుదురు. ఈ పనికి బరువులెత్తు బలము అక్కరలేదు; ఓపిక, వరుస తప్పక పరీక్షించు బుద్ధి కావలెను. ఇద్దరిని ఎంచుడు, అందొకరైనను ఆడపిల్ల యగుట మేలని మా దృఢాభిప్రాయము.

ఒక విషయము కఠినముగానే చెప్పవలసియున్నది. మన తీగ విద్యుత్ స్తంభములపై పోవుచున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు విద్యుత్ స్తంభములు వేల సంఖ్యలో కూలినవి. స్తంభముపై నున్న తీగకు స్తంభము గతియే. గాలివాన వెలిసిన ఉదయమున “అబ్బాయీ, నీవు నేర్చినవాడవు గదా, ఎక్కి చూడుము” అని ఎవరో ఒకరు తప్పక అందురు. అననీయకుడు. స్తంభమెక్కుట ఈ శిక్షణలో భాగము కాదు. గోడ పెట్టె నుండి ఇవతల మాత్రమే మీ సహాయకుని పని; అవతలిది విద్యుత్ శాఖ వారిది, తీగ యజమానులది. ఇంటర్నెట్ ఒక దినము ఆలస్యమైనను ఓర్చుకొనవచ్చును. అట్లే భూమిలో తీగ పోవు గ్రామములలో కాలువకో గొట్టమునకో జె.సి.బి. దింపుటకు ముందు, 2023 మార్చిలో కేంద్రము ప్రారంభించిన ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అను యాప్‌లో తెలియజేయుడు. పంచాయతీ పనియే పంచాయతీ తీగను తెంచిన ఉదంతములు నవ్వుకొనుటకు బాగుండును గాని, బిల్లు చెల్లించువారికి బాగుండవు.

ఇందు పంచాయతీకేమి సంబంధమని అడుగువారికి రాజ్యాంగమే సమాధానము. 73వ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో 18వది సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య. 20వది గ్రంథాలయములు. ఈ రెండింటిని కలిపి చూడుడు. మీ గ్రంథాలయముననో, కార్యాలయపు ప్రక్క గదిలోనో ఒక బల్ల వేయించుడు. దానిపై ప్యాకెట్ ట్రేసర్ నడచు కంప్యూటరు ఒకటి, ఎవరో మార్చి పారవేసిన పాత రౌటర్లు రెండు, చిన్న స్విచ్చి, యేబది మీటర్ల రాగి తీగ, ఒక సంచెడు ప్లగ్గులు, వాటిని బిగించు క్రింపింగ్ పనిముట్టు, తీగను పరీక్షించు టెస్టరు ఉండవలెను. కంప్యూటరు తప్ప తక్కినవి పెద్ద ఖర్చు కాదు. క్రింపింగ్ పనిముట్టు కొన్ని వందల రూపాయలకు దొరకును. నేర్చుకొనువారు తొలి యిరువది ప్లగ్గులు పాడుచేయుదురు. చేయనిండు. పరీక్ష రుసుము విషయమున మాత్రము తొందరపడవలదు: మూడు నెలలు ఆ బల్ల వద్ద పనిచేసి, పాఠశాలలోను కార్యాలయములోను వచ్చిన దోషములను తామే పట్టుకొనగలిగినవారికి, గ్రామస్థులో దాతలో ఆ సొమ్ము సమకూర్చుట ఉచితము. ముందు చేయి, పిదప కాగితము.

ఆ బల్లపై ఒక నోటుపుస్తకమును గూడ పెట్టుడు. సంధానము పోయిన ప్రతిమారు తేది, సమయము, ఏ దీపము ఏ రంగున వెలిగినది, పింగ్ ఎంతవరకు పలికినది, ఏమి చేయగా బాగైనది, వెలుపలికి ఫిర్యాదు చేసినచో దాని సంఖ్య, వారు వచ్చిన తేది అందు వ్రాయవలెను. రౌటరు కొన్ననాటి సంకేతపదమును మార్చినదియు లేనిదియు మొదటి పుటలోనే గుర్తుంచవలెను. క్రొత్త పదమును మాత్రము ఆ పుస్తకమున వ్రాయరాదు, గోడపై అసలే వ్రాయరాదు. వచ్చు నెల సమావేశమునకు మీరు వచ్చునప్పుడు ఆ పుస్తకమును వెంటబెట్టుకొని రండు. తీగ యజమానుల ప్రతినిధిని గూడ ఆ దినమున పిలిపించెదము. ఏ గ్రామమున ఎన్ని దినములు ఎందువలన సంధానము నిలిచినదో వారి యెదుటనే చదువుదము.